మా బావ టెక్సాస్‌లో సొంతంగా తూటాలు లోడ్ చేసుకుంటున్నాడు, హైదరాబాద్‌లో మనం చేసుకోవచ్చా?

మల్కాజిగిరి_మధు
పోయిన డిసెంబర్‌లో అక్కావాళ్ల దగ్గరికి టెక్సాస్ వెళ్లాను. బావ గ్యారేజీలో ఒక మూల బరువైన చెక్క బల్ల వేసి, దానికి ఇనుప ప్రెస్సు బిగించుకున్నాడు. రేంజ్‌లో కాల్చేసిన ఇత్తడి ఖోకాలు (తూటా ఖాళీ తొడుగులు) ఏరుకొచ్చి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ మందు నింపి తన తూటాలు తనే తయారుచేసుకుంటాడు. మూడు సాయంత్రాలు పక్కనే కూర్చుని చూశాను. మనిషి మామూలుగా గలగలా మాట్లాడతాడు, ఆ బల్ల ముందు మాత్రం ఒక్క మాట మాట్లాడడు, ఫోన్ కూడా ఇంట్లో పెట్టి వస్తాడు.

నా దగ్గర తాత నుంచి నాన్నకి, నాన్న నుంచి నాకు వచ్చిన పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీ ఉంది. లైసెన్సు నా పేరు మీదకి మారి నాలుగేళ్లయింది. తూటాల ధర చూస్తే పెట్టె కొనాలంటే ఆలోచించాల్సి వస్తోంది, డబ్బు పట్టుకెళ్లినా ఒక్కోసారి షాపులో స్టాక్ ఉండదు. అలాంటి ప్రెస్సు తెప్పించుకుని ఇక్కడ నేనూ మొదలుపెట్టొచ్చా? ఎవరైనా చేస్తున్నారా? లైసెన్సు ఉంది కాబట్టి ఇబ్బంది ఉండదనుకుంటున్నా.

నాంపల్లి_కోర్టు_మెట్లు
వద్దు. ప్రెస్సు కాదు కదా, దాని మేకు కూడా ఆర్డర్ పెట్టకండి.

"లైసెన్సు ఉంది కాబట్టి" అన్న దగ్గరే అందరూ పొరపడతారు. మీకిచ్చింది తుపాకీ ఉంచుకోవడానికి, లైసెన్సు పుస్తకంలో రాసినన్ని తూటాలు కొనుక్కోవడానికి. తయారీ పూర్తిగా వేరే సంగతి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటా తయారుచేయాలంటే దానికి విడిగా లైసెన్సు ఉండాలి. లేకుండా చేస్తే 25వ సెక్షన్ కింద కేసు, 2019 సవరణ తర్వాత దాని శిక్ష కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఇంకో సంగతి, ఆ చట్టం చెప్పే నిర్వచనంలో నిండు తూటా ఒక్కటే కాదు, తూటా భాగాలు కూడా వస్తాయి. "ఇంకా తయారుచేయలేదు, సామాను కొనిపెట్టుకున్నానంతే" అన్న వాదన నిలబడదు.

మల్కాజిగిరి_మధు
ఏడేళ్లా! ఏదో జరిమానా ఉంటుందనుకున్నా. చదవగానే టెన్షన్ వచ్చింది.

నాంపల్లి_కోర్టు_మెట్లు
టెన్షన్ వస్తే మంచిదే. అన్నట్టు, వచ్చేటప్పుడు బావ గుర్తుగా ఒక తూటా గానీ ఇవ్వలేదు కదా? నా దగ్గరికి వచ్చిన ఒకాయన బ్యాగు లోపలి జిప్పులో పాత తూటా ఒకటి ఉండిపోయింది. ఎప్పటిదో ఆయనకే గుర్తులేదు. విమానాశ్రయంలో స్కానర్‌లో కనబడింది. ఫ్లైటు పోయింది, కేసయింది, తెలిసి పెట్టుకున్నది కాదని నిరూపించుకోవడానికి ఏడాదిన్నర తిరిగాడు.

మల్కాజిగిరి_మధు
తూటా లేదు. ఒక ఇత్తడి ఖోకా ఇవ్వబోతే అక్కే వద్దంది. ఇప్పుడు అక్కకి దండం పెట్టాలనిపిస్తోంది.

యాచారం_ఎకరం
చట్టం పుస్తకంలో ఉంటది అన్నా. మా దిక్కు అడవి పందులు రాత్రికి రాత్రి మక్కచేను మొత్తం పండబెడ్తున్నయి. మా తాతల కాలంల టోపీదార్ బందూకుల మందు కూరి కొట్టేటోళ్లు, ఎవరూ అడగలే. రైతు గోస ఎవరికి పట్టింది?

సైనిక్‌పురి_సుబేదార్
యాచారం తమ్ముడూ, నీ గోస నిజమే, చేను పోయినవాడికే ఆ బాధ తెలుస్తుంది. కానీ తాతల కాలం సంగతి చూసినవాణ్ణి కాబట్టి ఒకటి చెప్తాను. మా మేనమామ టోపీదార్ బందూకు వాడేవాడు. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుడ్డపీలిక పెట్టి, ఛర్రాలు (చిన్న సీసం గుళ్లు) వేసి, గజంతో, అంటే పొడవాటి కడ్డీతో, కూరేవాడు. కొలత ఏమిటంటే అరచేయి. "ఇంత" అని చూపించేవాడు, అంతే. ఒక వానాకాలం మందు చెమ్మగిల్లి పేలలేదు. తీసేయకుండా దాని మీదే మళ్లీ పోసి కూరాడు. రెండోసారి రెండూ కలిసి అంటుకున్నాయి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. ఆ చేత్తో అన్నం ముద్ద కలుపుకోలేక పళ్లెం ఒడిలో పెట్టుకుని తినేవాడు. నాకు అప్పుడు పదకొండేళ్లు, ఆ పళ్లెం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

పందుల సంగతికి దారి ఉంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలోనే, 11వ సెక్షన్ కింద, పంట నాశనం చేసే జంతువుల మీద అటవీ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఊరంతా కలిసి అర్జీ పెట్టండి. అంతేగానీ నాటు మందు, కరెంటు తీగ జోలికి వెళ్లొద్దు. ఆ తీగకి పంది కన్నా ముందు తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లే మనిషి తగులుతాడు.

యాచారం_ఎకరం
తీగ నేను పెట్టలే పెద్దాయనా, పెట్టను గూడ. పక్క ఊర్ల అట్లనే ఒక పిల్లగాడు పోయిండు. అర్జీ సంగతి సర్పంచ్‌ను అడుగుత.

ప్లానో_దామోదర్
నేను ఉండేది టెక్సాస్‌లోనే, పన్నెండేళ్లుగా లోడ్ చేస్తున్నాను, కాబట్టి మధు చూసినదాని గురించి నాలుగు మాటలు. ఇక్కడ అది చట్టబద్ధం. అడవి పందులు ఇక్కడా పెద్ద బెడదే, 2019 నుంచి సొంత పొలంలో, లేదా యజమాని ఒప్పుకున్న పొలంలో, వాటిని కొట్టడానికి వేట లైసెన్సు కూడా అడగడం లేదు. సామాను షాపులో దొరుకుతుంది. అయినా ఇది వంటలాగా "చూసి నేర్చుకునే" పని కాదు.

ఇంట్లో ప్రెస్సు పెట్టుకున్న ఏ మనిషైనా ముందు కొనేది మందు కాదు, పుస్తకం. ఏ తూటాకి ఏ మందు ఎంత అన్నది తయారీదారు పరీక్షించి అచ్చువేసిన లెక్క. దాన్ని ఒక్క గీత కూడా దాటకూడదు. బల్ల మీద ఎప్పుడూ ఒక్క మందు డబ్బా మాత్రమే ఉండాలి, ఎందుకంటే పొగరాని మందుల్లో చాలావాటికి రంగు, పలుకు ఒకేలా ఉంటాయి, కాలే వేగం మాత్రం వేరు. పిస్టల్ ఖోకాలో చాలాసార్లు మందు సగం కూడా నిండదు, పరధ్యానంలో రెండోసారి పోసినా పొంగి బయటికి రాదు. నేను యాభై ఖోకాలూ చెక్క దిమ్మలో వరుసగా నిలబెట్టి, టార్చి వేసి ఒక్కోదాని లోపలికి చూశాకే పైన బుల్లెట్ పెడతాను. ఆరేళ్ల క్రితం ఒక స్నేహితుడు ఆ చూపు చూడలేదు. ఒక ఖోకాలో మందే పడలేదు, టోపీ (ఖోకా అడుగున మందుని అంటించే చిన్న ముక్క) బలానికే బుల్లెట్ గొట్టం మధ్యలోకి వెళ్లి ఆగిపోయింది. శబ్దం "టప్"మని చిన్నగా వచ్చింది. ఇంకో తూటా పెట్టి నొక్కబోతుంటే పక్క లేన్‌లో ఉన్న ముసలాయన పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన లేకపోతే ఏమయ్యేదో తలుచుకోవడం కూడా ఇష్టం లేదు.

మీ బావ ఫోన్ ఇంట్లో పెట్టి రావడం అందుకే.

తార్నాక_చందు
డబ్బు నిజంగా ఆదా అవుతుందా దామోదర్ గారూ? లేక అది ఇంకో ఖర్చేనా?

ప్లానో_దామోదర్
ఒక్కో తూటాకి ఆదా అవుతుంది, నెలకి మాత్రం కాదు. చవకైంది కదా అని రెండింతలు కాలుస్తాం. నేను చేసేది గురి కోసం. ప్రతి తుపాకీ గొట్టానికీ ఒక రుచి ఉంటుంది, దానికి నచ్చిన తూటా దొరికితే అన్నీ ఒకే చోట పడతాయి.

బోయిన్‌పల్లి_బుల్లయ్య
మరి పాయింట్ ట్వంటీ టూ తూటాలు? చిన్నవే కదా, వాటిని కూడా మళ్లీ నింపుతారా?

ప్లానో_దామోదర్
నింపరు. పెద్ద తూటాకి అడుగున మధ్యలో టోపీ విడిగా ఉంటుంది, అది మార్చొచ్చు. పాయింట్ ట్వంటీ టూకి అంటుకునే మందు ఖోకా అంచు లోపలే చుట్టూ ఉంటుంది, కాల్చినప్పుడు సూది ఆ అంచుని నొక్కి చదును చేసేస్తుంది. ఒక్కసారికే దాని పని అయిపోతుంది.

గచ్చిబౌలి_పది_మీటర్లు
మధు గారూ, దామోదర్ గారు చివర్లో చెప్పిన మాట పట్టుకోండి. గొట్టానికి నచ్చిన తూటా వెతకడం. మీ బావ దగ్గర మీకు నచ్చింది అదే అయితే, దానికి ఇక్కడ దర్జాగా చేయగలిగిన దారి ఉంది: పది మీటర్ల ఎయిర్ రైఫిల్. బోరు 4.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ వన్ సెవెంటీ సెవెన్, శక్తి 20 జూల్స్ దాటకపోతే 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిల్ శక్తి ఎనిమిది జూల్స్‌కి అటూ ఇటూ ఉంటుందంతే. (అలాగని పిట్టల మీద పెడితే వన్యప్రాణి చట్టం ఊరుకోదు, కాగితం మీదే కాల్చాలి.)

"ఛర్రా బందూకా, పిల్లలాట" అనుకోకండి. ఆ టార్గెట్ మీద పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. బాల్‌పెన్ను మొన ఆనిస్తే పడే చుక్క అంత. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్‌కి 701.1 మార్కులతో కాంస్యం వచ్చింది, రజతం వచ్చినాయన 701.5. డెబ్భై షాట్ల తర్వాత తేడా 0.4. అలాంటి చోట డబ్బాలో ఛర్రా ఎలా ఉందన్నది చిన్న విషయం కాదు.

మల్కాజిగిరి_మధు
కానీ ఛర్రాలు కొనుక్కునేవే కదా, అందులో మన చేతిపని ఏముంది?

పత్తర్‌గట్టి_తులం
చాలా ఉంది అన్నా! మాది బంగారం పని చేసే ఇల్లు, తూకం మా చేతుల్లోనే ఉంటుంది. నేను ఐదేళ్లుగా ఎయిర్ రైఫిల్ కాలుస్తున్నా. దుకాణంలో మిల్లీగ్రాము చూపించే కాటా ఉంది, రాత్రి షట్టర్ దించాక దాని మీద ఛర్రాలు తూస్తా. ఐదు వందల డబ్బా మొత్తం, ఒక్కొక్కటీ. పెట్టె మీద 0.53 గ్రాములని ఉంటుంది. నాకు వచ్చినవి 0.524 నుంచి 0.539 దాకా ఉన్నాయి.

ఇంకో ముచ్చట. బావగారు గ్యారేజీలో మందు తూచేది గ్రెయిన్లు అనే చిన్న తూకంలో కదా, అదేదో అమెరికా వాళ్ల కొలత అనుకుంటాం. మన తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. తులానికి 96 గురిగింజలు. అంటే ఒక్క గురిగింజ రెండు గ్రెయిన్లకి కాస్త తక్కువ. 0.53 గ్రాముల ఛర్రా అంటే ఎనిమిది గ్రెయిన్ల పైచిలుకు, నాలుగు గురిగింజలు దాటి ఐదుకి చాలదు. మా తాత గురిగింజలతోనే తూచేవాడు, ఆయన డబ్బీ ఇంకా గల్లాపెట్టెలో ఉంది.

తార్నాక_చందు
తులం 180 గ్రెయిన్లా! ఈ చర్చలో నాకు దొరికిన బంగారం ఇదే.

గచ్చిబౌలి_పది_మీటర్లు
తులం అన్నా, మీ ఓపికకి దండం, కానీ నేను ఒప్పుకోను. తూకం మీద అంత సమయం పెట్టడం వృథా. పది మీటర్ల దూరంలో ఐదారు మిల్లీగ్రాముల తేడా వల్ల పడే చోటు పెద్దగా మారదు. అసలు తేడా తల సైజులో ఉంటుంది, 4.49, 4.50, 4.51 అని డబ్బా మీద ఉంటుంది చూడండి, తర్వాత ఏ బ్యాచ్ అన్నదాంట్లో. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే సైజు, బ్యాచ్ మారితే గొట్టానికి నచ్చకపోవచ్చు. తూచే బదులు రైఫిల్‌ని శికంజాలో (కదలకుండా పట్టే ఇనుప పట్టులో) బిగించి, ఒక్కో బ్యాచ్‌వి పది చొప్పున కాల్చి, రంధ్రం కొలవండి. యాభై మీటర్లలో పాయింట్ ట్వంటీ టూ కాల్చేవాళ్లు కూడా అంతే, నచ్చిన లాట్ దొరికితే ఏడాదికి సరిపడా అదే నంబర్ కొంటారు.

పత్తర్‌గట్టి_తులం
బ్యాచ్ మాట ఒప్పుకుంటా. కానీ తూచడం వల్ల నాకు రెండు లాభాలు. అడుగున అంచు సొట్టపడిన ఛర్రా, లోపల సీసం ముక్క ఇరుక్కున్నది, చేతిలోకి తీసుకున్నప్పుడే దొరికిపోతాయి. గాజుపలక మీద దొర్లిస్తే మంచిది గుండ్రంగా చుట్టు తిరుగుతుంది, సొట్టది కుంటుతూ పోతుంది. పోయిన డబ్బాలో అలాంటివి పదిహేడు తీసేశా. పోటీలో అరవై షాట్లలో ఆ పదిహేడులో ఒక్కటి వచ్చినా 9.2 పడుతుంది, ఆ తర్వాత పది షాట్లు మనసు దాని మీదే ఉంటుంది.

స్నేహ_ఎస్సెస్సీ_బ్యాచ్
నేను పిస్టల్ కాలుస్తా, పదో తరగతి. మా కోచ్ సార్ కూడా గాజుపలక మీద దొర్లించమంటారు. పిస్టల్ షూటర్ ఈషా సింగ్ అక్కది మన హైదరాబాదే అని తెలిశాకే మా నాన్న నన్ను చేర్పించారు. డౌట్ ఏంటంటే, డబ్బాలో కొన్ని ఛర్రాల మీద తెల్లటి పొడి ఉంది, వాడొచ్చా?

సైనిక్‌పురి_సుబేదార్
వాడొద్దమ్మా. చెమ్మ తగిలి సీసం పైన పట్టే పొడి అది, నోట్లోకి వెళ్తే మంచిది కాదు. ఆ డబ్బా కోచ్‌కి ఇచ్చెయ్యి. కొత్త డబ్బాని మూత బిగించి పొడిచోట పెట్టుకో. కాల్చడం అయ్యాక సబ్బుతో చెయ్యి కడుక్కునేదాకా బిస్కెట్ కూడా ముట్టుకోకు. ఛర్రాలు పెదాల మధ్య పట్టుకుని లోడ్ చేసే అలవాటు కొందరికి ఉంటుంది, అది ఎవరు చేస్తున్నా నువ్వు మాత్రం చెయ్యకు.

స్నేహ_ఎస్సెస్సీ_బ్యాచ్
సరే తాతగారూ. మా బ్యాచ్‌లో ఒకడు అలాగే పెట్టుకుంటాడు, వాడికి ఇది చూపిస్తా.

బోయిన్‌పల్లి_బుల్లయ్య
ఎయిర్ రైఫిల్ సరే, మధు అడిగింది పన్నెండు బోరు గురించి కదా. తాత తుపాకీ బీరువాలో పెట్టి తాళం వేయడమేనా?

సైనిక్‌పురి_సుబేదార్
ఎందుకు? క్లబ్బులో ట్రాప్ కాల్చమనండి. ఎగిరే మట్టి పళ్లేలు. మన కైనాన్ చెనాయ్ ఆడేది అదే, హాంగ్జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చాడు, జట్టుకి బంగారం. పోటీ తూటాలో 24 గ్రాముల ఛర్రాలు ఉంటాయి. కాకపోతే మధు, తాత తుపాకీతో నేరుగా వెళ్లొద్దు. ముందు తెలిసిన గన్‌స్మిత్ దగ్గర గొట్టం లోపల చూపించు. పాత తుపాకీల్లో ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) పొడవు ఇప్పటి తూటాకి సరిపోకపోవచ్చు. తుపాకీ మీద ఏం ముద్ర ఉందో చూశావా ఎప్పుడైనా?

మల్కాజిగిరి_మధు
చూడలేదు. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి తెచ్చుకోవడం తప్ప ఈ నాలుగేళ్లలో దాన్ని సరిగ్గా చేతిలోకి తీసుకున్నదే లేదు. రాత్రి తీసి చూస్తా.

మల్కాజిగిరి_మధు
చూశాను. గొట్టాల అడుగున ముద్రలు ఉన్నాయి, సగం అరిగిపోయాయి. కుడి గొట్టం లోపల వెలుతురు పెట్టి చూస్తే మూతికి జానెడు లోపల వలయంలాగా ఒక నీడ కనబడుతోంది. తుప్పా, ఇంకేదైనా?

సైనిక్‌పురి_సుబేదార్
అది ఉబ్బు అయ్యుండొచ్చు. ఎప్పుడో గొట్టంలో ఏదో అడ్డం ఉండగా కాల్చి ఉంటారు. ఒక్క తూటా కూడా అందులో పెట్టకు. గన్‌స్మిత్ చూసి చెప్పేదాకా అది గోడకి ఉన్న ఫొటో అనుకో.

ప్లానో_దామోదర్
మధు, ఇంట్లో నింపిన తూటా ఆ గొట్టంలో పెట్టి ఉంటే? చదువుతుంటేనే ఒళ్లు జలదరించింది. బావకి ఈ సంగతి తప్పకుండా చెప్పు.

మల్కాజిగిరి_మధు
మూడు వారాలకి వస్తున్నా, అందరూ ఏమైందని అడుగుతారని రాస్తున్నా. గన్‌స్మిత్ వేలితో తడిమి ఉబ్బే అన్నాడు. కుడి గొట్టం ఇక పనికిరాదు. తుపాకీ అమ్మను, నా లైసెన్సులోనే ఉంచుకుంటాను, తాతది కాబట్టి. ఏ రోజు అలా అయిందో నాన్నకి కూడా తెలియదు, తాత ఎవరికీ చెప్పినట్టు లేదు.

పోయిన ఆదివారం గచ్చిబౌలి దగ్గర యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న రేంజ్‌కి వెళ్లాను. పది_మీటర్లు అన్న తన రైఫిల్ ఇచ్చాడు, తులం అన్న కూడా వచ్చాడు, సంచిలో గాజుపలక, రంధ్రం కొలిచే వెర్నియర్, నాలుగు డబ్బాలు. శికంజాలో బిగించి ఒక్కో డబ్బా నుంచి పది. మొదటి డబ్బా రంధ్రం బయటి అంచు నుంచి అంచుకి 6.1 మిల్లీమీటర్లు. రెండోది 7.4. మూడోది మళ్లీ ఆరు పైన. నాలుగోది పత్తర్‌గట్టిలో తూచి, దొర్లించి ఏరిన డబ్బా, 5.3. ఛర్రానే నాలుగున్నర కదా, పది ఛర్రాలూ ఒకే రంధ్రంలోంచి పోయినట్టే కనబడింది. కాగితం జేబులో పెట్టుకుని తెచ్చుకున్నా.

గచ్చిబౌలి_పది_మీటర్లు
మధు చెప్పనిది ఒకటుంది. ఆ నాలుగో డబ్బా బ్యాచ్ కూడా వేరే. కాబట్టి తూకం గెలిచిందా, బ్యాచ్ గెలిచిందా ఇంకా తేలలేదు.

పత్తర్‌గట్టి_తులం
తేలుద్దాం. అదే బ్యాచ్ నంబర్‌వి రెండు డబ్బాలు తెప్పిస్తున్నా, ఒకటి ఏరుతా, ఒకటి సీలు కూడా విప్పను. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి. మధు, నీ వెర్నియర్ తెచ్చుకో, నాదాని అంకెలు నాకు అనుకూలంగా ఉన్నాయంటాడు ఈయన.

స్నేహ_ఎస్సెస్సీ_బ్యాచ్
నేనూ రావొచ్చా? నాన్న దింపుతానన్నారు. నా పిస్టల్ డబ్బా కూడా టెస్ట్ చేద్దాం.

పత్తర్‌గట్టి_తులం
రా తల్లీ, డబ్బా మీది బ్యాచ్ నంబర్ స్టిక్కర్ మాత్రం చింపకుండా తీసుకురా.